రెండు వందల పద్నాలుగో ప్రతినిధి

డాక్టర్లు సదస్సులకు వెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టి, అట్నుంచి అటే బీచికి వెళ్ళిపోతున్నారని ఎవరో మా వైద్యుల కౌన్సిలుకు ఫిర్యాదు చేశారు. అందులో అబద్ధం ఏమీ లేదు. రెండేళ్ళ క్రితం ఒక సదస్సులో నేను కూడా మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి ఇసకలో గుర్రం ఎక్కాను. నా ముందు గుర్రం మీద వెళుతున్నాయన ఆ సెషన్‌కు అధ్యక్షుడు.

ఫిర్యాదు అందిన నెలకు కౌన్సిలు నుంచి సర్క్యులర్ వచ్చింది. "సదస్సు ప్రాంగణమందు ఉండు ప్రతి వ్యక్తియు ప్రతినిధిగా నమోదై యుండవలెను. ప్రతి ప్రతినిధియు సెషను ఆరంభమునందును, అంతమునందును యంత్రమునకు ముఖము చూపవలెను. లోనికి వెళ్ళిన ప్రతినిధులందరు వెలుపలికి వచ్చినట్లు నిర్ధారణ అయిన పిమ్మటనే సదస్సునకు క్రెడిట్ పాయింట్లు మంజూరగును" అని అందులో ఉంది. ఒక్కరు లోపల మిగిలిపోయినా ఎవరికీ పాయింట్లు రావన్నమాట. అయిదేళ్ళలో ముప్ఫై పాయింట్లు లేకపోతే డాక్టరు రిజిస్ట్రేషన్ పొడిగించరు. నాకు నాలుగు తక్కువయ్యాయి. గడువు నెల రోజులే ఉంది.

అందుకని విశాఖలో జరిగే చెవి శస్త్రచికిత్సల సదస్సుకు పేరిచ్చాను. పాయింట్ల కోసమే అని చెప్పుకుంటే నన్ను నేను తక్కువ చేసుకున్నట్టవుతుంది. ఆ సదస్సులో ఎండోస్కోపుతో చెవి ఆపరేషన్లు చేసి చూపిస్తారు. చెవి వెనక కోత పెట్టి, తల చుట్టూ తలపాగా అంత కట్టు కట్టి పంపించడం నాకు తెలుసు. పెన్ను రీఫిల్ లావున్న గొట్టాన్ని చెవి రంధ్రంలోంచే పంపి, దాని చివర ఉన్న కెమెరాతో కర్ణభేరిని టీవీలో చూస్తూ బాగుచేయడం మాత్రం పుస్తకంలో చదవడమే. మా ఆసుపత్రికి ఒక ఎండోస్కోపు కావాలని ఇండెంటు పెట్టి మూడేళ్ళయింది. ఒకసారి వచ్చింది కూడా. పెట్టె విప్పి చూస్తే మీటరున్నర పొడుగుంది. కడుపులోకి పంపేది.

ఆ రోజుల్లోనే పైడినాయుడు నా దగ్గరికి వచ్చాడు.

లోపింటి పైడినాయుడు బస్సు కండక్టరు. నలభై నాలుగేళ్ళు, పాలకొండ రూటు. కుడి చెవి కర్ణభేరికి పెద్ద చిల్లు. ఎడమది అరకొరగా వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ప్రయాణికుల పెదవులు చూసి ఊళ్ళ పేర్లు పట్టేవాడు. గుబురు మీసాల వాళ్ళతోనే కొంచెం ఇబ్బంది. అలాంటి మీసాలాయన ఒకరు పాలకొండ అంటే ఇతను పార్వతీపురం టిక్కెట్టు కొట్టాడు. ఆయన బస్సులో నిద్రపోయి పార్వతీపురంలో దిగి, అక్కడే కూర్చుని నాలుగు పేజీల కంప్లయింటు రాశాడు.

"మెడికల్ బోర్డుకి రమ్మన్నారు డాక్టరమ్మా. మూడు నెల్ల టయిమిచ్చినారు. ఇనిపించకపోతే బండి మీంచి దించేసి డిపోలో కడుగుడు పనికి ఏస్తారట" అన్నాడు. "ఇరవయ్యొక్క ఏళ్ళు బండి మీద నిలబడ్డాను. కింద నిలబడితే నాకు కాళ్ళు ఆడవు."

సదస్సులో ఆపరేషన్ చేసి చూపించడానికి పేషెంట్లు కావాలని నాకు తెలుసు. చేసేది డాక్టర్ శేషశయనం గారు. ఎండోస్కోపుతో చెవులు బాగుచేయడంలో ఆయన చేతికి పేరుంది. ఆర్గనైజింగ్ సెక్రటరీ డాక్టర్ చక్రధర్‌కు ఫోన్ చేస్తే, "పంపించండి మేడమ్, అలాంటి చిల్లు కోసమే చూస్తున్నాం" అన్నాడు.

వారం తర్వాత ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు పంపుతానన్న నాయుడు గారు ఎవరు?"

"పేషెంటు."

"అది కేటగిరీ కాదు మేడమ్. కంప్యూటర్లో ప్రతినిధి, వక్త, కంపెనీ మనిషి, భోజనం మాత్రమే అని నాలుగే ఉన్నాయి."

"ఆపరేషన్ హోటల్లో కాదు కదా, రోడ్డవతల ఆసుపత్రిలో కదా. అతన్ని నమోదు చెయ్యడం ఎందుకు?"

ఆయన నిట్టూర్చాడు. హోటల్లో హాలు ఎ, హాలు బి ఉన్నాయట. ఆపరేషన్ చేసే డాక్టర్లకు కూడా హాజరు పడాలి కాబట్టి, రోడ్డవతల ఉన్న ఆపరేషన్ థియేటరును హాలు సి అని ప్రకటించారట. హాలు సి ప్రాంగణంలో భాగమైనప్పుడు అందులో నిలబడే వాళ్ళే కాదు, పడుకునే వాడు కూడా ప్రతినిధి కావాలి.

"పోనీ, భోజనం మాత్రమే అని రాసుకోండి."

"ఆపరేషన్ ముందు భోజనం పెట్టకూడదు కదా మేడమ్. తప్పుడు సమాచారం అవుతుంది."

ఆయన మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఆ సాయంత్రం పైడినాయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫారం నింపాను. వృత్తిలో అనుభవం అన్నచోట ఇరవయ్యొక్క సంవత్సరాలు అని రాశాను. ప్రత్యేక ఆసక్తి అన్నచోట చెవి అని రాశాను. రెండూ నిజాలే. డిగ్రీ అడిగినప్పుడు ఆలోచించి, ఇంటర్ అని కొట్టాను. కంప్యూటరు దాన్ని కూడా తీసుకుంది. అందరి పేర్ల ముందూ అదే డాక్టర్ అని చేర్చుకుంటుందని బ్యాడ్జి చేతికొచ్చాక గానీ తెలియలేదు. డాక్టర్ ఎల్. పైడినాయుడు, రెండు వందల పద్నాలుగు. అతను దాన్ని చొక్కాకు తగిలించుకుని, ఎప్పుడూ తగిలించుకునే కండక్టరు బిళ్ళ ఉండే చోటే ఉందో లేదో చూసుకున్నాడు.

సదస్సు రెండు రోజులు. మొదటి రోజు ఉపన్యాసాలు, రెండో రోజు ఆపరేషన్. మొదటి రోజు ఎనభై శాతం హాజరు ఉన్న ప్రతినిధులే రెండో రోజు ప్రత్యక్ష కార్యక్రమంలో పాల్గొనాలని నియమం. ఆపరేషన్ చేయించుకోవడం కంటే ఎక్కువగా పాల్గొనడం ఏముంటుంది. కాబట్టి పైడినాయుడు పొద్దున్న తొమ్మిదింటికి యంత్రానికి ముఖం చూపించి హాలు ఎ లో కూర్చోవలసి వచ్చింది.

యంత్రం పక్కన కుర్చీ వేసుకుని కౌన్సిలు పరిశీలకులు కూర్చున్నారు. ఆయన పేరు డాక్టర్ భానుమూర్తి. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ప్రొఫెసరుగా రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు శవాలను గుర్తుపట్టిన మనిషి. బతికున్న వాళ్ళను గుర్తుపట్టే పని ఇదే మొదటిసారి కావడం వల్ల చాలా జాగ్రత్తగా చేస్తున్నారు. ఆయనలో చెడ్డతనం వీసమెత్తు లేదు. ఎవరికైనా యంత్రం మొరాయిస్తే, "కంగారు పడకండి. మీరు మీరే అని రుజువు కావడానికి కొంత సమయం పడుతుంది" అని మంచినీళ్ళు ఇచ్చేవారు.

పైడినాయుడు పెదవులు కనబడాలని మొదటి వరసలో కూర్చున్నాడు. మా సదస్సుల్లో మొదటి వరస ఎప్పుడూ ఖాళీ. పొద్దుటి నుంచి ఏడు ఉపన్యాసాలు జరిగాయి. మూడో దానికి హాలులో సగం మంది కళ్ళు మూసుకున్నారు. అయిదో దానికి నేను కూడా మూసుకున్నాను. అతను ఒక్కడే కన్నార్పకుండా వక్తల మూతుల వంకే చూస్తూ ఉన్నాడు. అంత శ్రద్ధగా వినే మనిషి ఎదురుగా ఉంటే వక్తలకు ఉత్సాహం వచ్చి, ఒక్కొక్కరూ పది నిమిషాలు ఎక్కువ మాట్లాడారు.

ఆరో ఉపన్యాసం ఒక పెద్ద ప్రొఫెసరు గారిది. చిల్లు మీద మృదులాస్థి ముక్క అతికిస్తే, వంద మందిలో తొంభై ఆరు మందికి అతుక్కుందని తెర మీద లెక్కలు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షుడు అలవాటు కొద్దీ అడిగి, అలవాటు కొద్దీ ధన్యవాదాలు చెప్పబోతున్నాడు. పైడినాయుడు లేచి నిలబడ్డాడు. నా నిద్ర ఎగిరిపోయింది.

"ఆ మిగతా నలుగురూ ఏటయ్యారండి?" అన్నాడు.

ప్రొఫెసరు గారు తెర మీది లెక్కల్ని ముందుకు జరిపారు, వెనక్కు జరిపారు.

"వాళ్ళు... తర్వాత చూపించుకోవడానికి రాలేదు."

"అంటే మద్దెలో దిగిపోనారన్నమాట. వాళ్ళకి ఇనబడతందో నేదో మరి ఎవలికీ తెల్దు."

"తెలియదు" అన్నారు ప్రొఫెసరు గారు. పాతికేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఆయన కళ్ళజోడు తీసి, "మంచి ప్రశ్న. మేము వెతకలేదు. వెతకాలి" అన్నారు. పొద్దుటి నుంచి ఆ హాలులో జరిగిన సంభాషణ అదొక్కటే. భానుమూర్తి గారు తన పుస్తకంలో, "ప్రతినిధి 214: చురుకైన భాగస్వామ్యము" అని రాసుకున్నారు.

టీ దగ్గర యువ డాక్టర్లు ఇద్దరు అతని చుట్టూ చేరారు.

"సార్, మీరెక్కడ ప్రాక్టీసు?"

"పాలకొండ రూటండి."

"రోజుకి ఎంతమందిని చూస్తారు సార్?"

"ఆరొందలకి తగ్గరండి. పండగలకయితే ఎయ్యి దాటిపోతారు."

"ఒక్కరే చూసుకుంటారా?"

"డ్రైవరు ఉంటాడు గానండి, ఆయన ఎనక్కి తిరిగి సూడకూడదు."

వాళ్ళిద్దరూ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. రూటు అంటే మారుమూల పల్లెలకు తిరిగే సేవా కార్యక్రమం అనుకున్నారట.

మరునాడు పొద్దున్న పైడినాయుణ్ణి ఆసుపత్రి వార్డులోనే తయారు చేశారు. చెవి చుట్టూ మత్తు సూది ఇచ్చారు. మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పి తెలియదు. తల ఎడమకు తిప్పి, ఒళ్ళంతా, ముఖమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పి, కుడి చెవి ఒక్కటే బయటికి కనబడేలా స్ట్రెచర్ మీద హాలు సి గుమ్మం దగ్గరికి తెచ్చారు. అక్కడ యంత్రం ఉంది. భానుమూర్తి గారు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, నెత్తికి టోపీ పెట్టుకుని దాని పక్కన నిలబడ్డారు.

యంత్రం చెవి వంక కాసేపు చూసి, "ముఖము కనబడలేదు" అంది.

"గుడ్డ ఒక్క నిమిషం తొలగించండి" అన్నారు భానుమూర్తి గారు.

"తొలగిస్తే మళ్ళీ శుభ్రం చేసి, మళ్ళీ కప్పాలండి. మత్తు దిగిపోతుంది" అన్నారు శేషశయనం గారు. ఆయన అప్పటికే చేతులు కడుక్కుని గాలిలో పెట్టుకుని ఉన్నారు. రోడ్డవతల హాలు ఎ లో మూడు వందల పన్నెండు మంది తెర వంక చూస్తున్నారు.

భానుమూర్తి గారు ఆలోచనలో పడ్డారు. ఆయనకు మాకు అడ్డుపడాలని లేదు. తను కూడా చిన్నప్పటి నుంచి ఒక చెవితో బాధపడుతున్నానని నాకు ముందు రోజే చెప్పారు.

"మా శాస్త్రంలో ముఖమే ఉండాలని లేదు. శరీరము మీద మార్పులేని గుర్తు ఏదైనను చాలు" అని చివరికి తేల్చారు. "వీరి శరీరమున ఇప్పుడు కనబడు భాగము చెవి కాబట్టి చెవిలోనే వెతుకుదము."

శేషశయనం గారు ఎండోస్కోపును గుమ్మం దగ్గరికే తెప్పించి చెవిలోకి పంపారు. గోడ మీది టీవీలో ముత్యం రంగులో కర్ణభేరి, దాని ముందు భాగంలో చిల్లు, చిల్లు వెనక చిన్న ఎముక కొస స్పష్టంగా కనిపించాయి. పుస్తకంలో ఎన్నిసార్లు చూశానో గానీ, అంత అందంగా ఉంటుందనుకోలేదు. భానుమూర్తి గారు ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసి, పుస్తకం తెరిచి, మెల్లగా పైకి చదువుకుంటూ రాశారు: "కుడి కర్ణభేరి. ముందు భాగమున పెసరగింజంత చిల్లు గలదు. ఇట్టి గుర్తు వలన 214వ ప్రతినిధిగా నిర్ధారించి లోనికి అనుమతించడమైనది."

ఆపరేషన్ గంటంబావు పట్టింది. చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టలోంచి మృదులాస్థి ముక్క తీసి, ఉల్లిపొరలా పలచగా చెక్కి, శేషశయనం గారు ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో ఆ పొరను చిల్లు కింద పరిచారు. హాలు నుంచి ప్రశ్నలు వస్తుంటే ఆయన చేయి ఆగకుండానే జవాబులు చెప్పారు. నేను గుడ్డ కింద పైడినాయుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొర సరిగ్గా కూర్చోగానే శేషశయనం గారు వంగి, "నాయుడు గారూ, ఇప్పుడెలా ఉంది?" అన్నారు.

గుడ్డ కింది నుంచి పైడినాయుడి మాట వచ్చింది.

"ఎవలో పక్కన గొణుగుతున్నారండి" అన్నాడు.

గొణుగుతున్నది భానుమూర్తి గారు. సమయం రాసుకుంటున్నారు. ఆయన గొణుగుడు నాకే సరిగా వినబడలేదు. పైడినాయుడు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆ తర్వాత చెవి నిండా మందు దూది పెట్టేశారు కాబట్టి, రెండు నెలల దాకా మళ్ళీ అంత బాగా వినబడదు. కానీ ఆ క్షణంలో విన్నాడు. హాలు ఎ లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గుడ్డలు తీసేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దగ్గరికి తెచ్చాం. ఇప్పుడు ముఖం బాగానే కనబడుతోంది. యంత్రం చూసింది. "ప్రవేశము నమోదు కాలేదు. నిష్క్రమణ సాధ్యము కాదు" అంది.

"నిజమే" అన్నారు భానుమూర్తి గారు. "వీరు ముఖముతో లోనికి పోలేదు. కర్ణభేరితో పోయిరి. ఏ గుర్తుతో పోయిరో ఆ గుర్తుతోనే రావలెను."

"ఆ గుర్తు చిల్లు కదండీ. దాన్ని ఇప్పుడే మూశాం" అన్నాను.

"అదే నా ఇబ్బంది. లోనికి పోయిన వ్యక్తికి చిల్లు గలదు. వెలుపలికి వచ్చిన వ్యక్తికి లేదు. కావున వీరు వారు కారు." ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "రికార్డు ప్రకారము 214వ ప్రతినిధి ఇంకను హాలు సి లోనే ఉన్నారు."

పైడినాయుణ్ణి వార్డుకు పంపించి నేను రోడ్డు దాటి హాలు ఎ కు వచ్చేసరికి ఈ కబురు నాకంటే ముందే వచ్చేసింది. ఒకరు లోపల మిగిలిపోతే ఎవరికీ పాయింట్లు లేవు. మూడు వందల పన్నెండు మంది సామాన్లు సర్దుకోవడం మానేసి కూర్చున్నారు. చక్రధర్ వేదిక మీదకెక్కి అత్యవసర సర్వసభ్య సమావేశం ప్రకటించాడు. రెండు రోజుల్లో హాలులో అందరూ మెలకువగా ఉన్నది అప్పుడే.

ఒకాయన కౌన్సిలుకు లేఖ రాద్దామన్నాడు. జవాబుకు ఏడాది పడుతుందని ఇంకొకాయన అన్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక సీనియర్ లేచాడు. చాలా సౌమ్యుడు, రోగుల మీద ఎప్పుడూ విసుక్కోడని పేరున్నవాడు.

"చిన్న చిల్లు పెడితే ఎలా ఉంటుంది?" అన్నాడు. "సూది మొనంత. పదిహేను రోజుల్లో దానంతట అదే మూసుకుపోతుంది. నా అనుభవంలో ఎన్నో చూశాను."

ఎవరైనా నవ్వుతారని చూశాను. నవ్వలేదు. చక్రధర్ రాసుకుంటున్నాడు.

"సూది మొన చాలదు" అన్నారు గుమ్మం దగ్గర నుంచి భానుమూర్తి గారు. "రికార్డులో పెసరగింజ అని ఉన్నది."

"పెసరగింజంటే మళ్ళీ మొత్తం తియ్యాలి" అన్నాడు సీనియర్. "తీసి, హాజరు వేయించి, మళ్ళీ అతికిద్దాం. రెండు సార్లు చూపించినట్టూ ఉంటుంది. యువ డాక్టర్లకు ఉపయోగం."

"తప్పకుండా" అన్నారు వెనక నుంచి ఎవరో. దీన్ని పరిశీలించడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు.

నేను లేచి, "అతను నా పేషెంటు" అన్నాను.

"సాంకేతికంగా కాదు మేడమ్" అన్నాడు చక్రధర్. వినయంగానే అన్నాడు. "పేషెంటు అనే కేటగిరీ లేదు. ఆయన మన తోటి ప్రతినిధి. ఆయన ఒప్పుకుంటే చాలు. ఉపసంఘం వెళ్ళి అడుగుతుంది."

ఆ మాటకు నాకు భయం వేసింది. ఎందుకంటే అడిగితే పైడినాయుడు ఒప్పుకుంటాడు. ఇరవయ్యొక్క ఏళ్ళుగా కాగితం చేతిలో పట్టుకుని వచ్చిన ప్రతివాడి ముందూ లేచి నిలబడ్డ మనిషి. అతన్ని ఆ కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. నాకు నాలుగు పాయింట్లు కావాలి, నాకొక ఎండోస్కోపు ఆపరేషన్ చూడాలని ఉంది, అందుకని ఎక్కించాను. ఉపసంఘం టీ తాగి బయలుదేరేలోపు నేను పరుగులాంటి నడకతో రోడ్డు దాటాను.

పైడినాయుడు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. చెవి మీద చిన్న ప్లాస్టరు. ఎడమ చెవి దగ్గర గట్టిగా అరిచి సంగతంతా చెప్పాను. ఎవరడిగినా ఒప్పుకోవద్దన్నాను. అతను తింటున్న ఇడ్లీ పక్కన పెట్టాడు.

"నా ఒక్కడి వల్ల మూడొందల మందికి లాసా?" అన్నాడు.

"నీ వల్ల కాదు."

"మీక్కూడా పోద్దా డాక్టరమ్మా?"

అతను నా ముఖం చూసి, చెయ్యి చాచాడు. "ఆ సర్కులర్ ఏదీ, ఇలాగియ్యండి."

ఫోన్లో ఉన్నది చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. మేం మూడు వందల మందిమీ దాన్ని అలా చదవలేదు. పాయింట్లు అన్న మాట దగ్గర ఆగిపోయాం.

"వెలుపలికి వచ్చినట్లు నిర్ధారణ అవ్వాల అన్నారు" అన్నాడు. "యంత్రమే నిర్ధారణ సెయ్యాలని ఎక్కడా రాయనేదు కదమ్మా."

"రాయలేదు. అయితే?"

"మాకు ఆఖరి స్టాపులో లెక్క తేలకపోతే ఏటి సేస్తామనుకున్నారు? ఎక్కినోళ్ళు యాబై, దిగినోళ్ళు నలబై తొమ్మిది అని తేల్తాది. ఆ ఒక్కడి కోసం బండి ఆపుకుని కూకోం. కండక్టరు బండి ఎక్కి సీట్లన్నీ సూసి, ఎవలూ లేరని రాసి సంతకం పెడతాడు. డిపోలో అది సెల్తాది."

ఉపసంఘం, దాని వెనక భానుమూర్తి గారు వార్డులోకి వచ్చేసరికి పైడినాయుడు చెప్పులు వేసుకుని, బ్యాడ్జి సర్దుకుని నిలబడి ఉన్నాడు. శేషశయనం గారు, నేను చెరో పక్కా పట్టుకున్నాం. తల తిప్పకూడదని ఆయన చెప్పారు కాబట్టి మనిషంతా తిరుగుతూ నడిచాడు.

హాలు సి ఖాళీగా ఉంది. గుమ్మంలో భానుమూర్తి గారు నిలబడ్డారు. పైడినాయుడు లోపలికి వెళ్ళి, టేబుల్ కింద చూడమని నన్ను వంగమన్నాడు. వంగి చూశాను. బీరువా తలుపు తీసి చూశాడు. చేతులు కడుక్కునే చోట చూశాడు. మూలనున్న ఆక్సిజన్ సిలిండర్ల వెనక చూశాడు. ఎప్పుడో ఎవరో వదిలేసిన గొడుగు దొరికితే తీసి పక్కన పెట్టాడు. బయటికి వచ్చి, తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "రైట్" అన్నాడు. తర్వాత నా దగ్గర కాగితం తీసుకుని రాశాడు: "హాలు సి మొత్తము తనిఖీ చేసితిని. లోపల ప్రయాణికులు ఎవరును లేరు." ప్రయాణికులు కొట్టేసి ప్రతినిధులు అని దిద్దాడు. టైము వేసి, సంతకం పెట్టి, కింద తన స్టాఫ్ నెంబరు కూడా రాశాడు.

భానుమూర్తి గారు దాన్ని మూడుసార్లు చదివారు.

"మీరు నమోదైన ప్రతినిధియేనా?"

"అవునండి. రెండొందల పద్నాలుగు."

"రెండు వందల పద్నాలుగు లోపల ఉన్నారా?"

"నేరండి. నానే లోపలికెళ్ళి సూసొచ్చినాను."

భానుమూర్తి గారు కాగితం వంకా, గుమ్మం వంకా చూశారు.

"ప్రత్యక్ష సాక్షి" అన్నారు భానుమూర్తి గారు. ఆయన ముఖం తేటపడింది. "ఇంతకు మించిన సాక్ష్యము మా శాస్త్రములో లేదు." పుస్తకంలో ఆ కాగితం అతికించి, కింద తన సంతకం పెట్టారు. తర్వాత టోపీ తీసి, తగ్గు గొంతుతో శేషశయనం గారిని అడిగారు: "నా ఎడమ చెవి కూడా ఒకసారి చూస్తారా? నేను ప్రతినిధిని కాను. అందుకని ఇంతదాకా అడగలేదు."

అందరికీ పాయింట్లు వచ్చాయి. నా రిజిస్ట్రేషన్ పొడిగించారు. పైడినాయుడికి ఆరు పాయింట్లతో సర్టిఫికెట్ వచ్చింది. ప్రశ్న అడిగినందుకు ఒకటి అదనం. చెవి శస్త్రచికిత్సలో అంత అర్హత ఉన్న కండక్టరు ఇంకొకడు ఉన్నాడని నేను అనుకోను. కౌన్సిలు వారు భానుమూర్తి గారి నివేదికను మెచ్చుకుని, ఇకపై ప్రతి హాలునూ లోపల లేని ప్రతినిధియే స్వయంగా తనిఖీ చేసి ధ్రువీకరించాలని కొత్త సర్క్యులర్ ఇచ్చారు. దాన్ని ఎలా అమలు చెయ్యాలో చక్రధర్ ఇంకా ఆలోచిస్తున్నాడు.

రెండు నెలలు దాటాక పైడినాయుణ్ణి మెడికల్ బోర్డు పరీక్షించింది. ఆ రోజంతా నేను ఓపీలో కూర్చుని, పేషెంట్లు చెప్పేది రెండేసిసార్లు అడిగించుకున్నాను. సాయంత్రం అతని ఫోన్ వచ్చింది. ప్యాసయ్యాడు. చెవి దగ్గర గుసగుసగా చెప్పిన మాటలు పదికి తొమ్మిది పట్టాడట. బోర్డు డాక్టరుకు గుబురు మీసాలున్నాయట.

పది రోజులకు తనే ఆసుపత్రికి వచ్చాడు. డ్యూటీ మీదే ఉన్నాడు, బండి బయట ఉంది. కళకళలాడుతూ వస్తాడనుకున్నాను. కుర్చీ అంచున కూర్చుని, ఏదో పెద్ద విషయం చెప్పడానికి వచ్చినట్టు చేతులు కట్టుకున్నాడు.

"ఏం నాయుడూ, చీము గానీ వచ్చిందా?"

"నేదమ్మా, శుబ్బరంగా ఉంది. అన్నీ ఇనబడతన్నాయి. మా బండి సంగతి సెప్దారని ఒచ్చినాను. స్టార్టు సేస్తే సాలు, అద్దాలన్నీ కొట్టుకుంటన్నాయి. కిందెక్కడో ఇనుము ఇనుము రాసుకుంటంది. బ్రేకేస్తే పందిని కోసినట్టు అరుస్తంది. మా డ్రైవరు సత్యం ఆరేళ్ళుగా డిపో బుక్కులో బండి బాగోనేదని రాస్తంటే, దానికింద ప్రతీసారీ 'బండి బాగానే ఉన్నది, ఎట్టి శబ్దమును లేదు' అని రాసి సంతకం పెట్టింది నానే డాక్టరమ్మా."

బయట హారన్ మోగింది. మేమిద్దరం కిటికీ వైపు చూశాం. స్టీరింగు వెనక ఒక బక్కపలచటి మనిషి ముఖానికి తువ్వాలు ఒత్తుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ఆయనకింకా సెప్పనేదు" అన్నాడు పైడినాయుడు లేస్తూ. "ఈయేళ సెప్పీస్తాను. ఎదురుగా నిలబడి సెప్పాలేటమ్మా, ఎనకనుంచి సెప్పినా పరవాలేదా?"

ఎదురుగానే చెప్పమన్నాను.